వాసనకు క్రియాపదం వెతుక్కో

చి. వసంతకి,

వెస్పాసియన్ చక్రవర్తి కాలపు రోమ్ మీద నువ్వు రాస్తున్న కథ చదివాను. నడక బాగుంది. కానీ చాకళ్ల వీధిని “భరించలేని దుర్వాసన” అనేసి దాటిపోయావు. ఆ మాట ఏ ఊరి మురిక్కాలవకైనా సరిపోతుంది. ఆ రోజుల్లో అక్కడ బట్టలు ఉతకడానికి నిలవబెట్టిన మూత్రం వాడేవారు. నిలవ ఉన్నకొద్దీ అందులో అమ్మోనియా పుట్టి జిడ్డు వదిలిస్తుంది. ఆ ఘాటుకి కళ్లు మండుతాయి. నీ కథలో పిల్లవాడి కళ్లు కూడా మండనీ.

లాటిన్‌లో వాసనకు ఎన్ని క్రియలున్నాయో చూడు. వస్తువు నుంచి వాసన రావడం ‘ఒలేరే’. ముక్కుతో పసిగట్టడం ‘ఒల్‌ఫాకెరె’. వాసన పట్టుకుంటూ వెతకడం ‘ఒడోరారీ’. గుబాళిస్తే ‘ఫ్రాగ్రారే’, కంపు కొడితే ‘ఫేటేరే’. నాకు అన్నిట్లోకి ఇష్టమైనది మాత్రం ఒక నామవాచకం: ‘నీడోర్’. కాలే మాంసం నుంచి, కొవ్వు నుంచి లేచే వాసన అది. వంటింట్లోనూ అదే, బలిపీఠం మీదా అదే. మన ‘కమురు’ దానికి దగ్గరి చుట్టం.

ఈ మాటల తర్వాతి బతుకు కూడా తెలుసుకో. ఫ్రాగ్రారే పోర్చుగీసులో ‘షెయ్‌రార్’ అయింది. పాత సుగంధం పోయి, మంచి వాసనకీ చెడు వాసనకీ అదే మాట. ఫ్రెంచిలో ‘ఫ్లేరే’ అయి, పువ్వుని వదిలి ముక్కు వైపు చేరింది: వాసన పట్టడం. 1887లో ఎస్పరాంతో అనే కృత్రిమ భాషను ప్రకటించిన జామెన్‌హాఫ్ వీలైనంత తక్కువ ధాతువులతో పని నడపాలనుకున్నవాడు. ఆ భాషలో కూడా వాసన రావడానికి ‘ఒడోరి’, వాసన చూడటానికి ‘ఫ్లారి’ వేరువేరుగా ఉన్నాయి. పొదుపు కోరినవాడి భాషే ఆ తేడా వదులుకోలేదంటే, మనం ఎందుకు వదులుకోవాలి? వాసన ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎవరి ముక్కు దాన్ని పట్టింది అన్నవి తేల్చుకున్నాకే వాక్యం మొదలుపెట్టు. తెలుగులో నీచు, మాడు, ముక్కవాసన, గుప్పుమనడం, గుబాళించడం అన్నీ ఉండగా ‘సు’, ‘దుర్’ తగిలించి ఊరుకోకు.

రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ చెప్పిన సంగతి ఒకటుంది. వెస్పాసియన్ మూత్రం మీద పన్ను వేస్తే కొడుకు టైటస్ తప్పుబట్టాడు. చక్రవర్తి మొదటి వసూళ్లలోని నాణేన్ని అతని ముక్కు దగ్గర పెట్టి, కంపు కొడుతోందా అని అడిగాడు. లేదన్నాడు టైటస్. అయినా ఇది మూత్రం నుంచి వచ్చిందే, అన్నాడు తండ్రి. అందులో వాసనని వర్ణించే విశేషణం ఒక్కటీ లేదు. ఒక నాణెం, ఒక ముక్కు, ఒక ప్రశ్న. వర్ణన మీద మమకారం ఎక్కువైనప్పుడల్లా నేను దాన్ని తల్చుకుంటాను.

బలి ఘట్టంలో “ధూప పరిమళం” కొట్టెయ్. అక్కడ ఎద్దు కొవ్వు కాలుతోంది, పూజారి బట్టలకి కమురు పట్టాలి. ఆ రెండు పేజీలూ తిరగరాసి ముందు పంపు, మిగతాది నెమ్మదిగా చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు