తిరిగి చెప్పించుకో అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కరెంటు డిపార్ట్‌మెంట్ సెక్షన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరావని మీ అమ్మ చెప్పినప్పుడు కళ్ళు చెమర్చాయి. కానీ మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "స్టాఫ్ అందరూ సరే సార్ సరే సార్ అంటారు మామయ్యా, పని మాత్రం నేను చెప్పినట్టు జరగదు" అన్నావు. ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంట్‌లో చేశాక కూడా నాకు భయం వేసే మాట అదే, "సరే సార్".

నేను కొత్తగా ఏఈ అయిన రోజుల్లో మా సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకి వెళ్ళే 11 కేవీ ఫీడర్లలో, అంటే ఆ కరెంటు లైన్లలో, రెండింటి పేర్లు 'కొత్త'తోనే మొదలయ్యేవి. వానాకాలం, సాయంత్రం. ఒక దాని మీద జంపర్, అదే తీగల్ని కలిపే ముక్క, తెగింది. సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి నేనే ఫోన్ చేసి ఎల్‌సీ, అంటే లైన్ ఆపి పని చేసుకోమనే 'లైన్ క్లియర్', ఇమ్మన్నాను. "సరే సార్" అన్నాడు. మా లైన్‌మన్ అలవాటు కొద్దీ స్తంభం ఎక్కకముందే కింద నుంచి డిశ్చార్జ్ రాడ్, అదే లైన్‌ని భూమికి కలిపే కర్ర, తగిలించాడు. భళ్ళుమని మెరిసి లైన్ ట్రిప్ అయింది. అవతల ఆపింది రెండో ఫీడర్! ఆ రాడ్ లేకపోతే ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు.

తర్వాత ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అడిగాను. "వాన చప్పుడులో సగమే వినపడింది సార్, మళ్ళీ అడుగుదామంటే..." అని ఆగిపోయాడు. మిగతా సగం నాకు తెలుసు. ముందు రోజే అతన్ని అందరి ముందూ, "ఒకసారి చెప్తే బుర్రకెక్కదా?" అని కసిరాను. పొరపాటు జరిగింది ఫీడర్‌ని ఆపే బ్రేకర్ దగ్గర, కానీ మొదలైంది నా నోట్లో.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ మాటైనా అవతలి మనిషి నోటి నుంచి తిరిగి వచ్చేదాకా నేను చెప్పినట్టు లెక్క కాదు. ఫీడర్ పేరు, స్తంభం నంబరు, ఎవరు ఎక్కుతున్నారు, టైమెంత, ఇవన్నీ అతనే చదవాలి, నేను అవునన్నాక లాగ్ బుక్‌లో రాయాలి. "అర్థమైందా?" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకి కాదన్న మనిషిని నేను చూడలేదు. "ముందు ఏ స్విచ్ తీస్తావు?" అని అడుగు, అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది. మొదట్లో మన ఏఈకి చాదస్తం అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఎల్‌సీ తిరిగిచ్చేటప్పుడు ఇంకా గట్టిగా ఉండు. "రెండింటికల్లా అయిపోతుంది, అప్పుడు లైన్ వేసెయ్యి" అనే ఒప్పందం ఎవరితోనూ వద్దు. తీసుకున్నవాడే తిరిగివ్వాలి. మనుషులంతా దిగారా, లైన్‌కి తగిలించిన ఎర్త్ తీశారా అని తలలు లెక్కపెట్టి మరీ ఇవ్వాలి. వాట్సాప్ గ్రూప్ మీటింగ్ కబుర్లకి, సెలవు చీటీలకి బాగానే ఉంటుంది. ఎల్‌సీ మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ వచ్చిందని మనిషిని స్తంభం ఎక్కించకు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక మా గ్యాంగుతో నేనూ వెళ్ళాను. ఎక్కడెక్కడి జిల్లాల వాళ్ళో పనిచేశారు. "గుడి వెనక స్తంభం" అంటే ఆ ఊరివాళ్ళకి తెలుస్తుంది, మాకేం తెలుస్తుంది? సగం స్తంభాలు నేలమీదే ఉన్నాయి కూడా. నా గ్యాంగుకి మాత్రం పట్టుబట్టి ఆ ఊరి లైన్‌మన్ ఒకరిని అడిగి తెచ్చుకున్నాను. దాంతో పని సాఫీగా సాగింది. నీ సెక్షన్‌కి బయటి కాంట్రాక్టు మనుషులు వచ్చినా ఇదే చెయ్యి.

ఇక తిట్లు. తిట్టొద్దని అనను, ఈ పనిలో అది కుదరదు. తలుపు వేసి తిట్టు. పొరపాటు తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ణి మాత్రం ఆ రోజుకి ఏమీ అనకు. పైగా నీ లైన్ ఇన్‌స్పెక్టర్ వయసులో నీకంటే ఇరవై ఏళ్ళు పెద్ద అన్నావు కదా, ఆయన్ని "గారు" అనే పిలువు. ఉదయం పని పంచేటప్పుడు ముందు ఆయన్నే అడుగు, "ఈరోజు ఎక్కడ జాగ్రత్తగా ఉండాలండీ?" అని. ఏ స్తంభానికి రెండు లైన్లు ఆనుకున్నాయో, ఏ ఇంటి జనరేటర్ నుంచి వెనక్కి కరెంటు వస్తుందో నీ మ్యాపులో ఉండదు, ఆయనకి తెలుసు.

జనంతో కూడా ఇంతే. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి విసిగిపోయిన రైతు నీకు చేస్తే, "పది నిమిషాల్లో వస్తుంది" అని తప్పించుకోకు. మూడు గంటలు పడితే మూడు గంటలనే చెప్పు. కోప్పడతాడు, కానీ మోటారు దగ్గర పడిగాపులు కాయకుండా ఇంటికి వెళ్తాడు.

రేపు సబ్‌స్టేషన్‌కి వెళ్ళినప్పుడు ప్యానెల్ ముందు నిలబడి ఫీడర్ల పేర్లు పైకి చదువు. ఒకేలా వినపడే పేర్లు రెండు దొరికితే నాకు ఫోన్ చెయ్యి, వాటి సంగతి ఏం చెయ్యాలో చెప్తాను.

ఇట్లు,
మామయ్య