పరుపుల సంగతి తర్వాత, ముందు బానెట్ ఎత్తించండి

ప్రశ్న: సార్, మాది ఒంగోలు, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మానాన్నల్ని ఊళ్లు తిప్పడానికి సెకండ్ హ్యాండ్ మోటార్‌హోమ్ కొందామనుకుంటున్నాం. హెన్నూరు వైపు ఒకటి చూశాం. 2016 మోడల్ టెంపో ట్రావెలర్‌ని మంచాలు, వంటగట్టు, టాయిలెట్ పెట్టి మార్పించారు. తిరిగింది 38 వేల కిలోమీటర్లేనట. ఇంజన్ గురించి మాకు ఓనమాలు కూడా తెలీవు. శనివారం మళ్లీ రమ్మన్నారు, ఏం చూడాలి?

జవాబు: శనివారమే వెళ్లండి, కానీ పొద్దున్నే ఆరున్నరకల్లా అక్కడుండండి. ముందురోజు ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దండీ అని గట్టిగా చెప్పండి. వెళ్లగానే పరుపులు నొక్కి చూడటం కాదు, బానెట్ ఎత్తించి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందా, వాళ్లిచ్చిన కాఫీ తాగేసి ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. మా బావమరిది కోసం యెలహంకలో ఒక బండి చూడబోతే ఓనరు 'మీరొస్తున్నారని ముందే వేడి చేసి ఉంచాను సార్' అన్నాడు, ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం. ఆ మర్యాద ఎందుకో డిసెంబరు చలిలో తెలిసింది. ఏడెనిమిదిసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు, అందుకున్నాక వీధి వీధంతా తెల్లపొగ.

చలికి మొదట్లో కాస్త తెల్లగా వచ్చి పోతే కంగారు లేదు. వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లో తేడా ఉందనో, ఇంజన్ని చల్లబరిచే నీళ్లు (కూలెంట్) లోపలికి కారుతున్నాయనో అనుమానించాలి. నీలంగా ఉంటే ఆయిల్ తాగుతోంది. నల్లపొగ ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మారిస్తేనే పోతుంది, దానికి మరీ భయపడకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ ఉండగా చేతికి గుడ్డ చుట్టుకుని ఆయిల్ పోసే మూత తీయండి, దాన్నే తిరగేసి ఆ కన్నం మీద వదులుగా పెట్టండి. కొంచెం వణికితే వణకనివ్వండి. అలాకాకుండా మూత ఎగిరెగిరి పడుతూ కింద నుంచి పొగ గుప్పుగుప్పున తంతుంటే ఇంజన్ లోపల పిస్టన్ రింగులు, పిస్టన్ తిరిగే గొట్టం (బోరు) అరిగినట్టే. మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు, ఆ మాట వినబడితే ఇంజన్ పని ఖర్చు పక్కన రాసుకునే బేరం ఆడాలి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ నల్లగా ఉందని బెదరకండి, డీజిల్ ఇంజన్లో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం నీళ్లు కలిశాయి, అక్కడితో ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం స్టార్ట్ చేయకముందు, చల్లగా ఉన్నప్పుడే తీయండి, వేడిమీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్లమీద జిడ్డు తేలకూడదు.

ఇక 38 వేల కిలోమీటర్లు. మామూలు కారుకైతే సంతోషించేవాణ్ణే. ఇలాంటి బండి ఏడాదిలో పది నెలలు షెడ్డులోనే ఉంటుంది, ఊరికే ఉన్నందుకే రబ్బరు పైపులు, బెల్టులు బీటలు వారతాయి, డీజిల్ ట్యాంకులో నీరు చేరుతుంది. పైగా రాత్రంతా ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి పడుకునేవాళ్లుంటారు, ఆ గంటలు మీటరులో కనబడవు. అందుకే సర్వీసు బిల్లులు అడగండి, తేదీలు చూడండి. టైరు పక్కనుండే నాలుగంకెలు కూడా చదవండి, 2216 అంటే 2016లో 22వ వారంలో తయారైంది.

నీళ్ల ట్యాంకులు నింపి, ఏసీ వేసి, ఎయిర్‌పోర్టు రోడ్డులో అరగంట నడపండి. నంది ఘాట్ ఎక్కనిస్తే మరీ మంచిది. టెంపరేచర్ ముల్లు మధ్య దాటి పైకి పాకితే ఆలోచించాల్సిందే. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, మార్పించిన బాడీ వివరాలు సరిపోయాయో లేదో చూడటం మర్చిపోకండి.

ప్రశ్న: మా కారు మెకానిక్‌ని తీసుకెళ్తే సరిపోతుందా?

జవాబు: కారు మెకానిక్ కన్నా రోజూ టెంపో ట్రావెలర్లు చూసేవాడు మేలు. కలాసిపాళ్యలో ట్రావెల్స్ డ్రైవర్లని అడగండి, ఎవరి దగ్గర చేయిస్తారో చెప్తారు. ఓనరు పంపిస్తానన్న మెకానిక్ మాత్రం వద్దు.