కాన్‌కూన్ నుంచి ఒక్కరోజులో చిచెన్ ఇట్సా, సెనోటే స్నానం

మెక్సికోలోని కాన్‌కూన్‌లో దిగి, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో చిచెన్ ఇట్సా (పాత మాయా నగర శిథిలాలు), సెనోటే (సున్నపురాయి కూలి ఏర్పడిన నీటి గుంట) రెండూ ఒక్కరోజులో కుదురుతాయా అని అడిగారు. కుదురుతాయి, కాకపోతే పొద్దున్నే బయల్దేరాలి.

కాన్‌కూన్ గడియారం చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం కంటే గంట ముందు ఉంటుంది. టోల్ రోడ్డు మీద సుమారు 200 కి.మీ., రెండున్నర గంటలు. 6:30కి కదిలితే అక్కడి టైము ప్రకారం 8కి, అంటే గేటు తెరిచే వేళకే చేరతారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది, రాత్రి ఫ్లైటు ఉంటే ఇది మర్చిపోవద్దు.

గేటు దగ్గర రాష్ట్రానికి, కేంద్ర పురావస్తు సంస్థకు విడివిడిగా రుసుము కట్టాలి. పెసోలు నగదుగా ఉంచుకోండి. పెద్ద పిరమిడ్ ఎక్కనివ్వరు కాబట్టి అమ్మగారు ఏమీ కోల్పోరు. నీడ మాత్రం తక్కువ, గొడుగు, నీళ్లు తప్పనిసరి. లోపలి పవిత్ర సెనోటేలో ఈత లేదు, చూడటమే.

10:30కల్లా బయటపడి దగ్గర్లోనే ఉన్న ఇక్ కిల్ అనే సెనోటేకి వెళ్లండి. మధ్యాహ్నం టూరు బస్సులు దిగితే నీళ్లలో చోటుండదు. నీటిమట్టం నేలకు దాదాపు 26 మీటర్ల కింద ఉంటుంది, రాతిమెట్లు తడిగా జారతాయి. అమ్మగారిని దింపొద్దు, పైఅంచు నుంచే చక్కగా కనిపిస్తుంది. నీళ్లు చాలా లోతు, ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోండి.

సన్‌స్క్రీన్ రాసుకుని దిగకూడదు, ముందు షవర్ చేయాలి. యుకతాన్‌లో పైన పారే నదులు దాదాపు లేవు. ఊళ్లు తాగేదీ ఈ సున్నపురాయి కింది నీళ్లే, అందుకే వాటిలో సన్‌స్క్రీన్ కలవకూడదు. ఎండకు పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే చాలు.