ఫైనల్ రిజర్వ్‌లో పది నిమిషాలు వాడుకుంటే ఏమవుతుంది?

ప్రశ్న: స్టూడెంట్ పైలట్‌నండీ. ప్లానింగ్‌లో ఫైనల్ రిజర్వ్ అని 45 నిమిషాల ఫ్యూయల్ పక్కన పెట్టిస్తున్నారు. ఎదురుగాలి ఎక్కువై అందులోంచి పది నిమిషాలు వాడేసినా ఇంకా 35 ఉంటాయి కదా, దానికే మేడే (ప్రమాదంలో ఉన్నామని రేడియోలో ఇచ్చే పిలుపు) ఎందుకు చెప్పాలి?

జవాబు: అది వాడుకోడానికి పెట్టింది కాదండీ, దిగేసరికి ట్యాంకులో ఉండి తీరాల్సింది. ఎదురుగాలికి కంటింజెన్సీ (అనుకోని ఖర్చుకి పెట్టే ఫ్యూయల్) వేరే ఉంది, ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) లెక్కలో ట్రిప్ ఫ్యూయల్‌కి 5 శాతం లేదా 1500 అడుగుల ఎత్తులో 5 నిమిషాల హోల్డింగ్‌కి (గాల్లో చక్కర్లు కొడుతూ ఆగడానికి) పట్టేది, రెంట్లో ఏది ఎక్కువైతే అది.

గంటకి 36 లీటర్లు తాగే పిస్టన్ విమానంలో 2 గంటల ప్రయాణం అనుకోండి. ట్రిప్‌కి 72, కంటింజెన్సీ 3.6, ఆల్టర్నేట్ (గమ్యంలో దిగలేకపోతే వెళ్లే వేరే ఎయిర్‌పోర్ట్) అరగంట దూరమైతే 18, టాక్సీకి ఓ 4, ఫైనల్ రిజర్వ్ 27, మొత్తం 124.6. (జెట్‌లకి ఫైనల్ రిజర్వ్ 30 నిమిషాలే. అమెరికాలో పగటి వీఎఫ్‌ఆర్‌కి, అంటే బయటికి కళ్లతో చూస్తూ ఎగరడానికి కూడా 30 చాలు, మీరు ఎక్కడ ఎగురుతుంటే అక్కడి రూల్ చూసుకోండి.)

ఆ 27 లీటర్లు రెండు రెక్కల్లో సగం సగం ఉంటే ఒక్కో ట్యాంకులో 13.5, అంత అడుక్కి వచ్చాక గేజ్ ముల్లు ఊగుతూ ఉంటుంది, దాన్ని నమ్మి 35 నిమిషాలుందని ఎలా చెప్తారు?

ఇక మేడే సంగతి. ఒక ఎయిర్‌పోర్ట్‌లోనే దిగాలని తేల్చుకున్నాక, ఇంకాస్త లేటైతే రిజర్వ్‌లోకి వెళ్తామనిపిస్తే ‘మినిమమ్ ఫ్యూయల్’ అనాలి, అది ఎమర్జెన్సీ కాదు, ప్రయారిటీ కూడా రాదు. దగ్గర్లో సేఫ్‌గా దిగగలిగే చోట దిగినా రిజర్వ్ కన్నా తక్కువే మిగుల్తుందని లెక్క తేలితే మాత్రం మూడుసార్లు మేడే, తర్వాత ఫ్యూయల్, మొహమాటం వద్దు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 అనే కొలంబియా ఎయిర్‌లైన్ విమానం గంటకి పైగా హోల్డింగ్‌లో తిరిగింది, ఫ్యూయల్ అయిపోతోందని చెప్పారు గానీ ఎమర్జెన్సీ అన్న మాట కంట్రోలర్లకి చెప్పలేదు, 73 మంది పోయారు. చదివినప్పుడల్లా బాధేస్తుంది.

అసలు అక్కడిదాకా రానివ్వకండి. పై ఉదాహరణలోనే గంట ఎగిరాక 84.6 ఉండాల్సింది 75 ఉందనుకోండి. ఇక ముందుకి కావాల్సింది మిగిలిన గంటకి 36, ఆల్టర్నేట్‌కి 18, ఫైనల్ రిజర్వ్‌కి 27, కలిపి 81. అంటే అప్పటికే 6 లీటర్లు తక్కువ, ఇంకా గంట దూరం ఉంది కాబట్టి చేతిలో దారులున్నాయి, దగ్గర్లో ఫ్యూయల్ దొరికే ఎయిర్‌ఫీల్డ్‌లో దిగి నింపుకుని వెళ్లండి, లేటయితే అవ్వనివ్వండి.