‘ఫోన్లో నాన్న’తో మొదటి ప్రయాణం

ప్రశ్న: అమ్మా, మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. దుబాయ్‌లో వెల్డింగ్ పని చేస్తున్నాను. పాపకి ఏడేళ్ళు. అది పుట్టాక రెండుసార్లే ఇంటికొచ్చాను, అదీ నెలేసి రోజులు. వీడియో కాల్‌లో గలగలా మాట్లాడే పిల్ల, ఎదురుగా కూర్చుంటే వాళ్ళ నాయనమ్మ వెనక దాక్కుంటోంది. పక్కింటివాళ్ళకి నన్ను ‘ఫోన్లో నాన్న’ అని చెప్పిందట. డిసెంబరు ఆఖరు దాకా సెలవుంది. మేమిద్దరమే విశాఖ వెళ్ళి జూ, సబ్‌మెరైన్, కైలాసగిరి, బీచ్ ఒక్కరోజులో చూసి రావాలనుకుంటున్నాను. రానంటే ఏం చేయాలి? రైల్లో అంతసేపు ఏం మాట్లాడాలి? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, పలాస

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివాక మా నాన్న కళ్ళముందు కొచ్చారు. ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మన వైపు నుంచి ఖరగ్‌పూర్‌కీ, కలకత్తా జనపనార మిల్లులకీ వలసపోయిన కుటుంబాలు ఎన్నో. నేనూ ఏడాదికోసారి కనిపించే నాన్న కూతుర్నే. ఆయనొస్తే వంటింట్లోంచి బయటికొచ్చేదాన్ని కాదు.

నా ఎనిమిదో ఏట నన్నొక్కదాన్నే శ్రీకూర్మం తీసుకెళ్ళారు. శ్రీకాకుళంలో బస్సెక్కాం. ఎంతో దూరం లేదు, అయినా దారిలో వాంతి చేసుకున్నాను. బస్సు నాకు పడదని అమ్మకి తెలుసు, ఆయనకి తెలీదు. ఒక్కమాట అనకుండా భుజం మీది కొత్త తువ్వాలు తీసి నా గడ్డం కింద పట్టారు. దిగాక బోరింగు దగ్గర దాన్ని ఉతికి పిండి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస నాకందించారు. పుష్కరిణి గట్టున చెరో కొసా పట్టుకుని ఆరబెడుతూ నడిచాం. అప్పటిదాకా నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు. తువ్వాలు ఆరిపోయింది, అయినా ఇద్దరం వదల్లేదు.

గుళ్ళో రెండు ధ్వజస్తంభాలు చూసి, ఎందుకు రెండని అడిగాను. ఆ రోజు నేనడిగిన మొదటి మాట అదే. “నాకూ తెలీదమ్మా, కనుక్కుందాం రా” అన్నారు. ఇద్దరం వెళ్ళి అర్చకుల్ని అడిగాం. స్వామి పడమటి ముఖంగా ఉంటాడనీ, అందుకే తూర్పునొకటి, పడమటొకటి అనీ అర్చకులు చెప్పారు. ఇంటికెళ్ళేదాకా అదే మాట్లాడుకున్నాం.

అందుకే, విశాఖ వచ్చే సెలవుకి ఉంచండి. పలాస నుంచి రానూపోనూ ఆరేడు గంటలు రైల్లోనే పోతాయి. మిగిలిన కాస్త టైములో నాలుగుచోట్లకి పరుగులంటే పిల్ల అలిసి ఏడుస్తుంది, మీరు కంగారుపడతారు. అప్పుడు దానికి అమ్మే కావాలి.

ఇప్పుడు డిసెంబరు కదా, వలస పక్షులొచ్చే తేలినీలాపురం వెళ్ళండి. పలాసలో పాసింజరెక్కి నౌపడాలో దిగితే అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళొచ్చు. పాపకి అరటిక్కెట్టు చాలు, కిటికీ పక్కన కూర్చోబెట్టండి. నౌపడా ఉప్పు మడుల గురించి మీకు తెలిసిందేదో చెప్పండి.

తేలినీలాపురంలో ఊరి చెట్ల మీదే గూడబాతులూ (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడతాయి. సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. వాటిని ఊరివాళ్ళు తమ ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. తల్లో తండ్రో పక్షి చేపలు మింగి గూటికొస్తుంది. గూడబాతు పిల్ల ఆ పెద్ద ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసి తింటుంది. అది చూస్తే మీ పాప తప్పకుండా ఏదో ఒకటి అడుగుతుంది. తెలిస్తే చెప్పండి, తెలియకపోతే పక్కనున్నవాళ్ళని ఇద్దరూ కలిసి అడగండి. కేకలు వేయకూడదనీ, గూళ్ళ కిందకి పోకూడదనీ మాత్రం ముందే చెప్పండి.

రైల్లో ఏం మాట్లాడాలని బెంగ వద్దు. చదువెలా ఉంది, ఎన్ని మార్కులొచ్చాయి అని మాత్రం అడక్కండి. ఫోన్లో ఎప్పుడూ అందరూ అడిగేవి అవే. మీరక్కడ ఏం తింటారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో, వెల్డింగ్ చేసేటప్పుడు మొహానికి ఏం పెట్టుకుంటారో చెప్పండి. వీలైతే ఆ గాజు అద్దాన్ని చూపించండి. పిల్లకి మీ రోజు ఎలా గడుస్తుందో తెలీదు, అందుకే మీరు ఫోన్లో ఉండే మనిషయ్యారు.

ముందురోజు మీ ఆవిడ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకోండి: జడ ఎలా వేయాలి, బస్సూ ఆటో పడతాయా, బాత్రూమ్‌కి ఎప్పుడు అడుగుతుంది, ఏం తినదు. ఒక తువ్వాలు, నీళ్ళు, ఇంట్లో చేసిన పులిహోర పెట్టుకోండి. రానని మొండికేస్తే బలవంతం చేయకండి. ఆ రోజు ఊరి జీడితోటల దాకా నడిచి రండి, రెండ్రోజులు ఆగి మళ్ళీ అడగండి. నాయనమ్మని తోడు తీసుకెళ్దామని మాత్రం అనకండి. ఆవిడుంటే పాప ఆవిడ వెనకే నడుస్తుంది.

చీకటి పడకముందే ఇంటికి చేరండి. గూడబాతు సంగతి పాపనే వాళ్ళమ్మకి చెప్పనివ్వండి, మీరు అందుకోకండి. పక్కనే కూర్చోండి చాలు. చెబుతూ చెబుతూ “కదా నాన్నా?” అని మీ వైపు తిరుగుతుంది.