కొత్త అధ్యాయానికి లేనిది కొనసాగింపా, పొంతనా?

సందేహం: డాన్ రోసా కథ రాసి బొమ్మలు గీసిన 'ది లైఫ్ అండ్ టైమ్స్ ఆఫ్ స్క్రూజ్ మెక్‌డక్' అనే కామిక్ ఈమధ్యే చదివాను. చిన్నప్పుడు టీవీలో చూసిన డక్ టేల్స్ కార్టూన్ సీరియల్‌లో, మహా ధనవంతుడైన బాతు స్క్రూజ్ మొదట సంపాదించిన డైమ్ (అమెరికా పది సెంట్ల నాణెం) అదృష్ట నాణెం. ఈ కామిక్ మొదటి అధ్యాయంలో దానికి అలాంటి మహిమేమీ లేదు. "ఈ అధ్యాయానికి పాత కథతో కొనసాగింపు లేదు" అని రాశాను. మా మిత్రుడు చూసి "నైరంతర్యం లేదు" అని దిద్దాడు. ఏది సరైనది? 'పొంతన లేదు' అంటే తప్పా?

సమాధానం: మీ మనసులో ఉన్నది పొంతన. చివర్లో మీరు సందేహిస్తూ అడిగిన మాటే మీకు కావలసిన మాట. దాన్ని పక్కన పెట్టాల్సిన పని లేదు.

'కొనసాగింపు' ఎందుకు కుదరదో చూద్దాం. కొన అంటే చివర, సాగడం అంటే ముందుకు పోవడం. ఆగకుండా ముందుకు నడిపించడమే కొనసాగింపు. ఒక కథకు రెండో భాగం వస్తే అది కొనసాగింపు. అందులో మొదటి భాగానికి విరుద్ధమైన సంగతులు వంద ఉన్నా అది కొనసాగింపే. మీ ఫిర్యాదు కథ ముందుకు సాగలేదని కాదు కదా.

మీ మిత్రుడి మాట ఇంకా దూరం. 'నిరంతర' అంటే మధ్యలో ఖాళీ లేనిది. దాని నుంచి వచ్చిందే నైరంతర్యం. వాన తెరిపి లేకుండా కురిస్తే, పత్రిక ఒక్క నెల కూడా తప్పకుండా వస్తే ఆ మాట వాడాలి. రోసా పన్నెండు అధ్యాయాల మధ్య ఏళ్లకేళ్లు ఖాళీలున్నాయి. 1867లో గ్లాస్గోలో పుట్టిన స్క్రూజ్ జీవితంలోంచి కొన్ని ఘట్టాలే ఆయన తీసుకున్నాడు. అంటే ఆ కథకు నైరంతర్యం లేదు, పొంతన మాత్రం గట్టిగా ఉంది. ఈ రెండూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

ఇక అసలు సంగతి. పొంతనకు రెండు వైపులు కావాలి. "నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన లేదు" అంటాం. పెళ్లి సంబంధంలో జాతక పొంతన చూడాలన్నా ఇద్దరి జాతకాలూ ముందుండాలి. మీ వాక్యంలో రెండో వైపు 'పాత కథ' అని ఉంది. ఏ పాత కథ?

స్క్రూజ్‌ను సృష్టించినవాడు కార్ల్ బార్క్స్. ఆ పాత్ర 1947 డిసెంబరులో 'క్రిస్మస్ ఆన్ బేర్ మౌంటెన్' అనే కథలో మొదటిసారి కనబడింది. టీవీ సీరియల్ వచ్చింది 1987లో, అంటే నలభై ఏళ్ల తర్వాత. మనలో చాలామంది దాన్ని దూరదర్శన్‌లో హిందీలో చూసి పెరిగాం కాబట్టి మనకు అదే మొదటిది, అదే ప్రమాణం అనిపిస్తుంది. ఆ అభిమానాన్ని నేను తక్కువ చేయను. కానీ రోసా 1992లో మొదలుపెట్టి బార్క్స్ కామిక్‌లకు లోబడి రాశాడు, టీవీ సీరియల్‌కు కాదు. బార్క్స్ దగ్గర ఆ డైమ్ స్క్రూజ్ మొదటి సంపాదన. మంత్రగత్తె మాజికా దాని కోసం వెంటపడేది కూడా అది లోకంలోకెల్లా ధనవంతుడి చేతిలో నలిగిన నాణెం కాబట్టే. కష్టపడి, తెలివితో సంపాదించానని చెప్పుకునే మనిషికి అదృష్ట నాణెం ఇస్తే అతని గొప్పతనం ఏముంటుంది? అందువల్ల మీరు తప్పుపట్టిన అధ్యాయమే మూలంతో పొంతన ఉన్న అధ్యాయం.

ఆ నాణెం విషయంలో రోసా చేసిన పనికి మన శాస్త్రాల్లో ఒక చక్కని మాట ఉంది. విడివిడిగా ఉన్న వాక్యాలను ఒకే తాత్పర్యానికి చేర్చి ఒక్క వాక్యంగా చదవడాన్ని మీమాంసకులు ఏకవాక్యత అన్నారు. "సాక్షుల మాటలకు ఏకవాక్యత లేదు" అని ఇప్పటికీ అంటున్నాం. స్క్రూజ్ స్కాట్లండ్ వంశంవాడన్నది బార్క్స్ మాటే, తొలి సంపాదన అమెరికా డైమ్ అన్నదీ బార్క్స్ మాటే. గ్లాస్గోలో బూట్లు తుడిచే కుర్రాడికి అమెరికా నాణెం ఎక్కడిది? ఇది పూర్వాపర విరోధంలా కనిపిస్తుంది. రోసా రెండింటిలో దేన్నీ కొట్టేయలేదు. కొడుకు లోకం పోకడ తెలుసుకోవాలని తండ్రే ఆ చెల్లని నాణేన్ని ఒక గుంతలు తవ్వే కూలీకిచ్చి, బూట్లు తుడిపించుకుని అదే కూలిగా ఇమ్మన్నాడని కథ అల్లాడు. మోసపోయిన పిల్లవాడు ఆ కసితోనే కష్టజీవి అయ్యాడు. విరోధంగా కనిపించినదే కథకు ప్రాణమైంది. చదివిన ప్రతిసారీ నాకు ఆ కల్పన మీద గౌరవం పెరుగుతుంది.

ఇంకో మాట కూడా మీకు పనికొస్తుంది. పన్నెండు అధ్యాయాలు అయిపోయాక రోసా మధ్యలో ఇమిడే కథలు కొన్ని రాశాడు. 2006 నాటి 'ది ప్రిజనర్ ఆఫ్ వైట్ ఎగొనీ క్రీక్' ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ 8బి అధ్యాయంగా చేరింది. అలాంటిదాన్ని కొనసాగింపు అనకండి, పూరణ అనండి. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగాడు, తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టాడు, ఎర్రన తర్వాత వచ్చి ఆ మిగిలిన భాగాన్ని పూరించాడు. ఎర్రన భారతాన్ని కొనసాగించాడని మనం అనం. తన భాగాన్ని ఆయన రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపాడు, నన్నయే రాసినట్టు. పూరణకు రెండు ఒడ్లు ఉంటాయి. ముందున్నదానితోనూ వెనకున్నదానితోనూ అతకాలి. కాబట్టి 8బి లాంటి అధ్యాయాన్ని తూచేటప్పుడు పొంతన రెండుసార్లు చూడాలి.

'పొందిక' మాత్రం ఇక్కడ వాడకండి. అది అమరికలోని అందం. పొందికగా సర్దిన ఇల్లు, పొందికైన మాట అంటాం. బొమ్మల గడులు పొందికగా ఉన్నా కథకు పొంతన లేకపోవచ్చు.

చివరగా, 'పొంతన లేదు', 'పొంతన కుదరలేదు' రెండూ సాధువులే, అర్థం కొంచెం వేరు. మొదటిది ఉన్న స్థితి చెబుతుంది. రెండోదానిలో కుదర్చడానికి ఎవరో ప్రయత్నించారన్న ధ్వని ఉంది. మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "ఈ అధ్యాయంలోని డైమ్‌కూ టీవీ సీరియల్‌లోని డైమ్‌కూ పొంతన లేదు." ఇది భాషగానూ సరి, విషయంగానూ సరి.