లక్కు కోసం తాబేలు

ప్రశ్న: మా మావయ్య ఇంట్లో లక్కు కలిసొస్తుందని వీపు మీద చుక్కలు, గీతలున్న తాబేలు తెచ్చి పెట్టారు. తప్పేం కాదు అంటున్నారు, నిజమేనా అండీ?

జవాబు: తప్పేనండీ, చిన్నది కూడా కాదు. మీరు చెప్పేదాన్ని బట్టి అది నక్షత్ర తాబేలు అయ్యుండాలి. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేశారు కదా, అది 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, దాంతో ఈ తాబేలు మొదటి షెడ్యూల్‌లోకి వెళ్ళింది, అంటే పులికున్న రక్షణే దీనికీ, నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు, కనీసం 25 వేల ఫైన్. పట్టుకున్నవాడికే కాదు, కొన్నవాళ్ళకీ, ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకీ వర్తిస్తుంది. ఇక లక్కంటారా, ఎండు గడ్డి నేలల్లో తిరిగేదాన్ని తెచ్చి టబ్బులో పడేస్తే దానికే లక్కు లేదు, మీకెక్కడ ఇస్తుంది!



అక్వేరియం షాపుల్లో చెవి దగ్గర ఎర్ర చారతో దొరికేది వేరు, అది అమెరికా తాబేలు, పెద్దదయ్యాక విసుగొచ్చి చెరువులో వదిలేస్తున్నారు, మన తాబేళ్ళ తిండికి అది పోటీ. అలా చెయ్యకండి.

మావయ్యగారు కూడా రాత్రికిరాత్రి అడవిలో వదిలేసి రావొద్దు, జబ్బులుంటే మిగతావాటికీ అంటుతాయి. ముందు ఓ లాయర్‌తో మాట్లాడి, ఆలస్యం చెయ్యకుండా అటవీ శాఖ వాళ్ళకి అప్పగించమనండి.